నషా తారీఖ్: మన బుజుర్గులు మాట్లాడారు, మనమే నోరు మూసుకున్నాం

చీమకుర్తిలో జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట నిలబడే నౌజవాన్ల నోట ఈ మధ్య ఒక సవాల్ తరచుగా వింటున్నాను. "భాయ్‌జాన్, ఖురాన్‌లో షరాబ్ గురించి ఉంది. గంజాయి అని ఎక్కడుంది? అది ఆకే కదా, అల్లాహ్ పుట్టించిందే కదా" అంటారు. కొందరు మజాక్‌కి అడుగుతారు. కొందరు నిజంగానే జవాబు కావాలని అడుగుతారు. పెద్దవాళ్ళ జవాబు మాత్రం ఒకటే: "తౌబా తౌబా, హరామ్!" అంతటితో బాత్ ఖతమ్.

హరామ్ అన్నమాట సహీ. అందులో నాకు షక్ లేదు. కానీ ఆ ఒక్క మాట అనేసి లేచి వెళ్ళిపోవడం మన పెద్దల రివాజ్ కాదు. ఏడు వందల ఏళ్ళకు పైగా మన ఉలమా, హకీములు, మున్షీలు ఈ మొక్క గురించి రాస్తూనే ఉన్నారు. ఎవరికి ఎలా ఎక్కుతుంది, ఎంతకు ఎక్కుతుంది, అక్ల్‌ని ఏం చేస్తుంది అని కూలంకషంగా బహస్ చేశారు. ఆ తారీఖ్‌లో మన కోస్తా జిల్లాలకు కూడా పెద్ద హిస్సాయే ఉంది. అది తెలిస్తే ఇవాళ మన ఇళ్ళలో పిల్లలతో ఏం మాట్లాడాలో కూడా కొంత తెలుస్తుందని నా ఉమ్మీద్.

కైరోలో జరిగిన బహస్

ఈ మొక్క పాతకాలం నుంచీ తిబ్ కితాబుల్లో ఖిన్నబ్ అనే పేరుతో ఉంది. నారకి, విత్తనాలకి, దవాకి పనికొచ్చే మొక్కగానే చాలాకాలం చూశారు. నషాగా ముస్లిం షహర్లలో పాకింది మాత్రం హిజ్రీ ఆరు, ఏడు శతాబ్దాల నుంచి. అంటే మన లెక్కలో 12, 13 శతాబ్దాలు. ఖురాసాన్‌లో హైదర్ అనే దర్వేష్ ఉండేవారనీ, ఒక ఎండపూట కొండల్లో ఈ మొక్కను చూసి, ఆకు నమిలి, నవ్వుతూ ఖాన్‌ఖాకి తిరిగొచ్చారనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మురీదుల దగ్గర మాట తీసుకున్నారనీ ఒక కహానీ. ఈ కహానీని ఈజిప్టు తారీఖ్ రాసిన మక్రీజీ తన కితాబులో ఎక్కించారు. నిజమో కాదో గానీ, దాంతో ఆ మొక్కకి 'హైదర్ ఆకు' అనే పేరు కూడా వచ్చింది.

13వ శతాబ్దంలో మందుమొక్కల మీద మహా గ్రంథం రాసిన ఇబ్నుల్ బైతార్ ఈజిప్టు తోటల్లో దీన్ని కళ్ళారా చూశారు. ఒకటి రెండు దిర్హముల ఎత్తు తింటే చాలు గట్టిగా మత్తెక్కుతుందని రాశారు. మితిమీరి తిన్నవాళ్ళలో కొందరి అక్ల్ చెడిందనీ, ప్రాణం మీదికి కూడా రావచ్చనీ హెచ్చరించారు. చూడండి, ఆయన హరామ్ హలాల్ జోలికి పోలేదు. హకీం కాబట్టి తూకం, అసర్ ఈ రెండే చూశారు.

ఫుఖహా పని వేరు. కైరోలో ఉన్న మాలికీ ఆలిం అల్ ఖరాఫీ, 1285లో ఇంతెఖాల్ అయ్యారు, దీని మీద చాలా బారీకీగా ఆలోచించారు. షరాబ్ తాగినవాడికి హుషారు, దిలేరీ వస్తాయి, హషీష్ తిన్నవాడికి అలా కాదు అన్నారు. ఒంట్లో ఏ ఖిల్త్ జోరుగా ఉంటే ఈ మొక్క దాన్నే రేపుతుందన్నది ఆయన మాట. సఫ్రా ఉన్నవాడికి కోపం వస్తుంది. బల్గమ్ ఉన్నవాడు మొద్దునిద్ర పోతాడు. సౌదా ఉన్నవాడు ఏడుస్తాడు, భయపడతాడు. ఖూన్ జోరున్నవాడు ఖుషీగా ఉంటాడు. అందుకని దీన్ని 'ముస్కిర్' అనడం కంటే అక్ల్‌ని పాడుచేసే 'ముఫ్సిద్' అనడం సరి అని ఆయన రాయ్. అంటే సజా విషయంలో షరాబ్ హద్ వర్తించదు, తాజీర్ వర్తిస్తుంది.

ఆ తర్వాతి తరంలో దమిష్క్ నుంచి ఇబ్నె తైమియ్యా దీనికి ఎదురు నిలబడ్డారు. ఇది ముస్కిరే, షరాబ్ హుకుమే దీనిదీ, హద్ కూడా అదే అన్నారు. 14వ శతాబ్దం చివర అజ్‌జర్కషీ అయితే హషీష్ హరామ్ అనే విషయం మీదే ఒక ప్రత్యేక రిసాలా రాశారు. దీని పేర్లేమిటి, ఎప్పుడొచ్చింది, ఒంటికీ మనసుకూ ఏం నష్టం చేస్తుంది, అమ్మకం సంగతేమిటి, ఇలాజ్‌లో జరూరత్ పడితే ఎలా అని ఒక్కో మస్‌అలా విడివిడిగా చర్చించారు.

మన నౌజవాన్ల సవాల్‌కి జవాబు ఇక్కడే ఉంది. పేరు ఖురాన్‌లో లేకపోవచ్చు. కానీ మత్తెక్కించేది ఏదైనా షరాబ్ కిందికే వస్తుందన్న ఉసూల్ హదీసుల నుంచి వచ్చింది. షరియత్ కాపాడాలనుకునే ఐదు వాటిలో దీన్, జాన్, నస్ల్, మాల్‌తో పాటు అక్ల్ కూడా ఉంది. ఉలమా సజా గురించి తగాదా పడ్డారు గానీ, నషా కోసం వాడటం నాజాయజ్ అనే విషయంలో పెద్ద ఆలిములు దాదాపు ఒక్క మాట మీదే ఉన్నారు. అల్లాహ్ పుట్టించిందే కదా అంటే ద్రాక్షపండూ అల్లాహ్ పుట్టించిందే. పండు హలాల్, దాన్నుంచి తీసిన షరాబ్ హరామ్.

అయితే అదే కైరో తారీఖ్‌లో ఇంకో సబఖ్ కూడా ఉంది. 1378 ప్రాంతంలో సూదూన్ అనే అమీర్ ఊళ్ళో ఉన్న హషీష్ మొక్కలన్నీ పీకించాడు. తిన్నవాళ్ళను పట్టుకుని దవడపళ్ళు ఊడగొట్టించాడు. మక్రీజీయే రాశారు ఈ సంగతి. మరో ముప్ఫై అయిదేళ్ళు గడిచేసరికి అదే కైరోలో జనం సిగ్గూ షరమ్ లేకుండా బాహాటంగా తింటున్నారని కూడా ఆయనే రాశారు. పళ్ళు పీకిస్తే నషా పోలేదు.

మన తీరంలో ఒక మధ్యాహ్నం

ఇప్పుడు మన వైపు వద్దాం. 1670లలో మచిలీపట్నం కుతుబ్‌షాహీల బందరు. అప్పుడు థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు మన తీరం వెంట, బంగాళాఖాతం చుట్టూ తిరుగుతూ చూసిందంతా రాసిపెట్టుకున్నాడు. ఆ రాతప్రతి 1905లో పుస్తకంగా అచ్చయింది. అందులో కోరమండల్ తీరం గురించిన భాగంలో భంగు సంగతి ఉంది. ఇక్కడి జనం భంగు తాగడం, గంజాయిని పొగాకుతో కలిపి పీల్చడం చూసి, వీళ్ళకెలా ఉంటుందో మనమూ చూద్దాం అనుకున్నాడు, తనూ తన దోస్తులూ కలిసి.

బజారులో ఆరు పెన్నీలకు సరుకు కొన్నారు. దాన్ని నూరి కలిపిపెట్టడానికి అలవాటున్న ఒక ఫకీరును పిలిపించారు. కూలీగా ఆయనకూ ఒక గిలాసు. ఒక్కొక్కరూ అర లీటరుకు పైగా తాగి, ఫకీరును బయట కూర్చోబెట్టి, తలుపులూ కిటికీలూ వేసుకున్నారు. మత్తులో తాము వీధిలోకి పరుగెత్తకూడదని, ఎవరూ వచ్చి తమను చూసి నవ్వకూడదని!

తర్వాత జరిగింది వినండి. ఒకడు నేలమీద కూలబడి మధ్యాహ్నమంతా ఏడ్చాడు. ఒకడు భయంతో వణికిపోయి పెద్ద మర్తబాన్‌లో తల దూర్చి నాలుగు గంటలకు పైగా అలాగే ఉండిపోయాడు. మన నానీమాలు అచార్ పెట్టే మర్తబానే, బర్మాలోని మర్తబాన్ రేవు పేరు మీద వచ్చిన జాడీ. నలుగురైదుగురు తివాచీల మీద పడి, ఒకర్నొకరు పొగుడుకుంటూ తామే బాద్షాలమనుకున్నారు. ఒకడు వసారా స్తంభంతో తగువు పెట్టుకుని, వేళ్ళ కణుపుల మీద చర్మం ఊడేదాకా గుద్దాడు. బౌరీ, ఇంకొకడు మాత్రం మూడు గంటలపాటు ఒళ్ళంతా చెమటతో తడిసి కూర్చున్నారు. బయట ఫకీరు సాబ్ ఆగ్రా కోట దర్వాజా దగ్గర ఉన్నాననుకుని పాటలు పాడుతున్నాడు.

ఒకే బజారు సరుకు, ఒకే ఫకీరు చేత్తో కలిపింది, ఒకే గది. అయినా ఒక్కొక్కరికి ఒక్కోలా ఎక్కింది. బౌరీ దీని మీద ఒక సమజ్‌దారీ మాట రాశాడు. తాగే వేళకు మనిషి మనసు ఏ హాలత్‌లో ఉంటుందో, ఈ మత్తు దాన్నే పెద్దది చేస్తుందన్నాడు. ఖుషీలో ఉన్నవాడు నవ్వుతూ ఉంటాడు, భయంలోనో దిగులులోనో ఉన్నవాడు ఏడుస్తూ ఉంటాడు. నెలా రెండు నెలలు అలవాటైతే వదిలించుకోవడం చాలా ముష్కిల్ అని కూడా రాశాడు. అల్ ఖరాఫీ కైరోలో చెప్పింది నాలుగు వందల ఏళ్ళ తర్వాత మన తీరం మీద ఒక ఇంగ్లీషు వర్తకుడి ఇంట్లో కళ్ళకు కట్టింది. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేదు.

ఏలూరు మున్షీ, కలకత్తా డాక్టరు

ఫకీరులు అనగానే మన తెలుగు ముసల్మానులకు గుర్తు రావలసిన పేరు జాఫర్ షరీఫ్. ఏలూరు మనిషి. హెర్క్‌లాట్స్ అనే డాక్టరు అడిగితే దక్కన్ ముసల్మానుల పుట్టుక నుంచి చావు దాకా ఉన్న రస్ములన్నీ రాసి ఇచ్చారు. అది 1832లో లండన్‌లో 'ఖానూనె ఇస్లాం' పేరుతో ఇంగ్లీషులో అచ్చయింది. అందులో ముహర్రం పీర్లు, ఫకీరుల సిల్‌సిలాలతో పాటు ఆనాటి మత్తు పదార్థాల వివరాలు కూడా ఉన్నాయి. గంజాయి, సబ్జీ, మాజూం, చరస్, అన్నీ. పరువు పోతుందని దాచలేదు, గొప్పని చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టారు. మన ఏలూరు బుజుర్గ్ రెండు వందల ఏళ్ళ కిందట చూపించిన ఆ ఈమాన్‌దారీ ఇవాళ మనలో ఎందరికుంది?

ఆ తర్వాత ఏడేళ్ళకు, 1839లో, కలకత్తా మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ ఓషానెస్సీ గంజాయిని దవాగా పరీక్షించి వ్యాసం రాశారు. యూరప్ వైద్యానికి ఈ మొక్కను గట్టిగా పరిచయం చేసింది ఆయనే. ఆయన పనికి మదద్ చేసినవాళ్ళు ఎవరనుకున్నారు? హుగ్లీ ఇమాంబాడా ముతవల్లీ సయ్యద్ కరామత్ అలీ, టెహరాన్ నుంచి వచ్చిన ఒక హకీం సాబ్. అరబ్బీ, ఫార్సీ కితాబుల్లో ఏముందో వాళ్ళే చెప్పారు. మక్రీజీ రాసిన హైదర్ కహానీ కూడా ఆ వ్యాసంలో ఉంది.

ఓషానెస్సీ ముందు జంతువుల మీద, తర్వాత రోగుల మీద పరీక్షించారు. కీళ్ళవాతంతో ఉన్న ముగ్గురికి ఒకే రకంగా ఒక్కో గ్రెయిన్ జిగురు ఇచ్చారు. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు. మొదటి మనిషి రెండు గంటల్లో వాగుడు మొదలుపెట్టి, పాటలు పాడి, అన్నం ఇంకా కావాలని అడిగి నిద్రపోయాడు. రాత్రికల్లా స్పృహ లేదు. చెయ్యి ఎలా పైకెత్తి పెడితే అలాగే నిలబడిపోయింది. డాక్టర్లు హడలిపోయారు. తెల్లవారేసరికి కోలుకున్నాడు. మూడో రోగికి మాత్రం ఏమీ కాలేదు. విచారిస్తే తేలింది, వాడు గంజాయి చిలుంకు పాతకాపు. ఒంటికి అలవాటైతే అదే తూకం పనిచేయదు, ఇంకా కావాలంటుంది. నషా మనిషిని మెల్లగా పైకి తీసుకుపోయే మెట్లు ఇవే.

బాపట్ల తాలూకా పొలాలు

కంపెనీ పోయి మహారాణి రాజ్యం వచ్చాక గంజాయి సర్కారుకు ఆమ్‌దనీ అయింది. లైసెన్సులు, సుంకం, గోదాములు. మదరాసు ప్రెసిడెన్సీలో గంజాయి సేద్యం పేరుగాంచిన చోట్లలో అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా ఒకటి. దగ్గుబాడు, సంతరావూరు వైపు నల్లరేగళ్ళలో పండేది. తర్వాత అవి గుంటూరు జిల్లాలోకి, 1970లో మన ఒంగోలు జిల్లా పుట్టాక దాంట్లోకి, ఇటీవల బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. మన నౌజవాన్లు గంజాయి అంటే ఎక్కడో ఏజెన్సీ కొండల సరుకనుకుంటారు. ఒకప్పుడు అది చీమకుర్తి నుంచి బస్సెక్కితే పూట తిరక్కుండా చేరుకునే ఊళ్ళలో, సర్కారు నిఘాలో పండిన పంట.

అప్పట్లో ఇంగ్లండు పార్లమెంటులో గొడవ లేచింది. గంజాయి వల్ల హిందుస్తాన్ పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయని. దాంతో 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. ఏడుగురు సభ్యులు, అందులో ముగ్గురు హిందుస్తానీలు. 1,193 మంది గవాహీ తీసుకున్నారు. 1894లో అనేక సంపుటాల రిపోర్టు ఇచ్చారు. ఫకీరులు, బైరాగులతో పాటు ఒళ్ళు విరిగేలా కష్టం చేసే కూలీలు అలుపు తీరడానికి వాడుతున్నారని అందులో ఉంది. మితంగా వాడేవాళ్ళలో పెద్ద నష్టం కనపడలేదనీ, మితిమీరితే మాత్రం ఒంటికీ మనసుకూ నష్టమనీ, పూర్తి నిషేధం వద్దు, సుంకం వేసి అదుపులో పెట్టాలనీ తేల్చారు.

దీన్ని పట్టుకుని "చూశావా భాయ్, కమిషనే చెప్పింది ఏం కాదని" అనేవాళ్ళున్నారు. ఆగండి. ఆ కమిషన్ చేసిన అసలు మేలు వేరే ఉంది. 1892లో పిచ్చాసుపత్రుల్లో చేరినవాళ్ళలో గంజాయి వల్ల అని రాసిన 222 కేసులను ఒక్కొక్కటిగా తిరగేశారు. చాలా చోట్ల పోలీసులు కారణం తెలియక 'గంజాయి' అని రాసి పంపారని తేలింది. చివరికి 98 మిగిలాయి. అంటే రెండు సంగతులు. పిచ్చి అంతా గంజాయిది కాదు. గంజాయి వల్ల పిచ్చి రాదనీ కాదు. ఆ 98 మందీ ఎవరో ఒకరి బిడ్డలు.

ఇవాళ సైన్స్ ఏమంటోంది

1964లో ఇజ్రాయెల్‌లో మెషూలమ్, గావోనీ అనే ఇద్దరు ఈ మొక్కలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే రసాయనాన్ని విడదీశారు. తర్వాత మన మెదడులోనే దానికి తగిన తాళం ఉందని తెలిసింది. 1992లో మన ఒంట్లోనే పుట్టే అలాంటి పదార్థాన్ని కనుక్కుని, సంస్కృతంలోని ఆనందం మాట తీసుకుని 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. జ్ఞాపకం, భయం, ఆకలి, నిద్ర, నడకలో తూకం, టైము తెలియడం, వీటన్నిటినీ సర్దే పని దానిది. బయటి నుంచి టీహెచ్‌సీ వచ్చి ఆ తాళాల్లో దూరితే సర్దుబాటంతా తారుమారు. నిమిషం గంటలా అనిపిస్తుంది. గుండె దడదడలాడుతుంది. ఇప్పుడన్న మాట ఇప్పుడే మరిచిపోతాడు.

పొగ పీలిస్తే నిమిషాల్లో ఎక్కి రెండు మూడు గంటలుంటుంది. మాజూం, భంగులాగా కడుపులోకి పోతే కథ వేరు. అర గంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. కాలేయంలో అది ఇంకా తేజ్ రసాయనంగా మారి, ఆరు గంటలు, ఎనిమిది గంటలు కూడా పట్టి ఉంచుతుంది. "ఏం ఎక్కలేదు" అని రెండోసారి మింగినవాడే ఆసుపత్రికి వస్తాడు. బౌరీ దోస్తు మర్తబాన్‌లో తల దూర్చి అన్ని గంటలు ఎందుకున్నాడో ఇప్పుడర్థమవుతుంది.

హకీములు మిజాజ్ అన్నదాన్ని డాక్టర్లు వేరే మాటల్లో చెబుతారు. వయసు, ఖందాన్‌లో దిమాగీ బీమారీ ఉందా, ఎంత మోతాదు, ఎన్నాళ్ళుగా. మనిషి మెదడు ఇరవై ఐదేళ్ళ దాకా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి పదిహేను పదహారేళ్ళ పిల్లవాడి నషా, నలభై ఏళ్ళవాడి నషా ఒకటి కాదు. స్వీడన్‌లో ఫౌజులో చేరిన 45 వేల మందికి పైగా కుర్రాళ్ళను పదిహేనేళ్ళు గమనించి 1987లో ఒక అధ్యయనం వేశారు. అప్పటికే యాభైసార్లకు మించి వాడినవాళ్ళలో స్కిజోఫ్రీనియా మిగతావాళ్ళకంటే ఆరు రెట్లు కనిపించింది. గంజాయి ఒక్కటే కారణమా అన్న బహస్ ఇంకా నడుస్తున్నా, చిన్న వయసు, ఎక్కువ మోతాదు, ఖందానీ బీమారీ మూడూ కలిస్తే ఖత్రా అన్నదాంట్లో పెద్దగా తేడా లేదు. వాడినవాళ్ళందరూ బానిసలు కారు. సుమారు పదిమందిలో ఒకరవుతారు, చిన్నప్పుడే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన 2019 సర్వేలో దేశంలో ఏడాదిలో భంగు, గంజాయి, చరస్ వాడినవాళ్ళు 3.1 కోట్లనీ, వాళ్ళలో 72 లక్షల మందికి అది బీమారీగా మారిందనీ తేలింది.

ఖానూన్ సంగతీ తెలియాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంతో గంజాయి నేరమైంది. కిలో లోపు దగ్గర దొరికినా ఏడాది దాకా ఖైదు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాదు. వాడినందుకే అయితే ఆరు నెలల దాకా. దోస్తు బ్యాగు పట్టుకుని బండి వెనక కూర్చున్న పిల్లవాడికి ఈ లెక్క తెలియదు. 2021లో మన పోలీసులు 'పరివర్తన' పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల దాకా సరుకు తగలబెట్టారు. తోటలు నరకడం సర్కారు పని. ఇంట్లో నోరు విప్పడం మన పని.

చీమకుర్తిలో జిమ్మేదారీ

ఇప్పుడు మన ఊరు. గెలాక్సీ గ్రానైట్ పేరు దునియా అంతా తెలుసు. నల్లరాయిలో బంగారు చుక్కలు. ఆ రాయి తీసే క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో మనవాళ్ళతో పాటు ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్ళూ కష్టం చేస్తారు. ఎండ, దుమ్ము, రాత్రి షిఫ్టులు. 1894 కమిషన్ రాసిన అలుపు ఇక్కడ కూడా ఉంది. క్వారీ అంచున డంపర్ తిప్పేవాడికి, క్రేన్ కింద నిలబడ్డవాడికి నిమిషం గంటలా, అడుగు గజంలా కనిపిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? పీల్చిన పూట మత్తు దిగిందనుకున్నా చేయి, కన్ను కొన్ని గంటలపాటు మాట వినవు.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. రాత్రుళ్ళు నిద్రపోవడం మానేశాడు. గోడ అవతల తన గురించి మాట్లాడుకుంటున్నారన్నాడు. అమ్మీ వండింది తినడం మానేశాడు, అందులో ఏదో కలిపారని. ఇంట్లో అసర్ అన్నారు. ఆమిల్ దగ్గరికి, రెండు దర్గాలకు తిప్పారు. తావీజులు కట్టారు. ఏడాదిగా పీలుస్తున్నాడని చెల్లెలికి తెలుసు. అబ్బా కొడతారని చెప్పలేదు. అబ్బాకీ అనుమానం ఉంది. రిష్తాలు రావని, ఖందాన్ బద్‌నామ్ అవుతుందని ఆయనా చెప్పలేదు. నాలుగు నెలలు పోయాక ఒంగోలులో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఇప్పుడు మందుల మీద బాగానే ఉన్నాడు, అల్‌హందులిల్లాహ్. డాక్టరు అన్నమాట ఒకటే: మొదటి నెలలో తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. దువా చేయండి, దువా ఆపమని ఏ డాక్టరూ అనడు. దువాతో పాటు దవా కూడా సున్నతే.

మరి ఇంట్లో ఏం మాట్లాడాలి? మొదట, మన పెద్దల్లాగా వివరంగా మాట్లాడాలి. హరామ్ అని చెప్పి, ఎందుకు హరామో, మెదడుకు ఏం చేస్తుందో, ఖానూన్ ఏం చేస్తుందో కూడా చెప్పాలి. ఇంటివాళ్ళలో ఎవరికైనా దిమాగీ బీమారీ ఉంటే దాచకుండా పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంటి పిల్లలకు ఈ పొగ అందరికంటే పెద్ద ఖత్రా. ఇప్పటికే అలవాటైనవాడు ఉంటే వాడికి తెలియాల్సినవి వేరు. బండి ఎక్కొద్దు, మెషీన్ దగ్గరికి పోవద్దు. షరాబ్‌తో, నిద్రమాత్రలతో కలపొద్దు. తిన్నదాని మీద మళ్ళీ తినొద్దు. గుండె అదిరినా, లేనిపోని మాటలు వినబడినా, ఆగని వాంతులైనా ఆసుపత్రికి రా, కొట్టము. ఇది ఇజాజత్ కాదు. రెండు నష్టాల్లో పెద్దదాన్ని తప్పించడం ఫిఖ్ చెప్పిన పాత ఉసూలే.

మానేసినప్పుడు వారం రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు, అన్నం సహించదు. ఇది వాడి బద్‌తమీజీ కాదు, ఒళ్ళు దారికొస్తోంది. ఆ రోజుల్లో కొట్టినా, తలుపేసినా మళ్ళీ దోస్తుల దగ్గరికే పోతాడు. ఇలాజ్ కోసం తనంతట తాను సర్కారు గుర్తించిన ఆసుపత్రికి వెళ్ళినవాడికి, వాడకం కేసులో, కొద్ది సరుకు కేసులో, ఇలాజ్ పూర్తి చేస్తే శిక్ష నుంచి మాఫీ ఇచ్చే 64ఏ అనే సెక్షన్ అదే చట్టంలో ఉంది. చాలామంది వకీళ్ళు కూడా ఈ మాట ఇళ్ళవాళ్ళకు చెప్పరు. నషా వదిలించే సలహాకు 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. అమ్మేవాళ్ళ సమాచారం ఇవ్వాలంటే మన రాష్ట్ర ఈగల్ విభాగం 1972.

మస్జిద్ కమిటీల వాళ్ళకు ఒక గుజారిష్. ఏడాదిలో ఒక్క జుమా బయాన్ దీని మీద పెట్టించండి. ఇమామ్ సాబ్ అల్ ఖరాఫీ ఏమన్నారో చెబుతారు, ఆయన పక్కనే ఒక డాక్టరు సాబ్ నిలబడి మెదడు సంగతి చెబుతారు. అమ్మీలకు, అప్పలకు వేరేగా ఒక పూట. ఏలూరు మున్షీ రెండు వందల ఏళ్ళ కిందట దాచకుండా కాగితం మీద పెట్టిన మాటను, మన గల్లీలో మనం నోటితో చెప్పడానికి షరమ్ ఏమిటి?